నొప్పి గురించి చదివితే నొప్పికి ఏమవుతుంది?

రాత్రి రెండున్నర. ఎడమ తుంటి దగ్గర మొదలై పిక్క దాకా జివ్వుమని లాగుతోంది. కూర్చోలేను, వెల్లకిలా పడుకోలేను. అందుకని బోర్లా పడుకుని, రొమ్ము కింద దిండు పెట్టుకుని, నడుం నొప్పి మీద ఒక లావుపాటి పుస్తకం చదువుతున్నాను. డిస్కు ఎలా జారుతుంది, నరాన్ని ఎక్కడ నొక్కుతుంది, అశ్రద్ధ చేస్తే పాదం ఎలా పడిపోతుంది అని బొమ్మలు వేసి మరీ వివరించిన అధ్యాయం. ఆ పేజీ తెరిచేదాకా నా పాదానికి ఏ గొడవా లేదు. పేజీ తిప్పేలోపు పాదం మొద్దుబారినట్టు అనిపించసాగింది. వేళ్లు కదిపి చూశాను, కదిలాయి. రెండు నిమిషాలాగి మళ్లీ కదిపాను. తెల్లవారేలోపు ఎన్నిసార్లు కదిపానో లెక్కలేదు.

ఆ పుస్తకంలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ రాత్రి అది నాకు కీడే చేసింది. కొన్ని వారాల తర్వాత చదివిన ఇంకో పుస్తకం దాదాపు అవే సంగతులు వేరే తీరులో చెప్పింది, దాంతో మర్నాడు పొద్దున భయం లేకుండా వంగి చెప్పులు తొడుక్కున్నాను. ఆ తర్వాతి ఏడాది నన్ను పెంచిన పెద్దమ్మ పోయింది. అప్పుడు చదివిన పుస్తకాలు వేరు, వాటితో పడిన పేచీలూ వేరు. ఒంటి నొప్పికీ మనసు నొప్పికీ కలిపి చాలానే చదివాను గానీ, చదవడం అనే పని నొప్పిని ఏం చేస్తుందో అర్థం కావడానికి చాలా ఆలస్యమైంది. అది అర్థం కావాలంటే ముందు నొప్పి అంటే ఏంటో కాస్త చూడాలి.

గడప తగిలి బొటనవేలు కొట్టుకున్న క్షణం గుర్తు తెచ్చుకోండి. ముందు చురుక్కుమంటుంది, అబ్బా అని ఒంటికాలి మీద గెంతుతాం, ఒక్క క్షణం ఆగి అసలుది వస్తుంది, సలుపుతూ, మండుతూ, లోపలికి దిగుతూ. ఇది రెండు రకాల నరపు తంతువుల పని. మొదటి రకం, ఏ-డెల్టా అంటారు, సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో కబురు మోస్తుంది. రెండో రకం, సి తంతువులు, సెకనుకు 2 మీటర్లు దాటవు. అందుకే చురుక్కు ముందు, సలుపు వెనక. ఈలోపు ఎవరూ చెప్పకుండానే చెయ్యి వెళ్లి వేలిని రుద్దుతుంది, రుద్దితే కాస్త తగ్గుతుంది కూడా. ఎందుకు తగ్గుతుందో 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో తలుపు లాంటి ఏర్పాటు ఒకటుంది, స్పర్శ కబురు వస్తే అది నొప్పి కబురుకు అడ్డం పడుతుంది, పైనుంచి మెదడు కూడా ఆ తలుపును ఇంత తెరువు, ఇంత మూయి అని చెప్పగలదు. తర్వాత వివరాల్లో చాలా మార్పులొచ్చాయి గానీ ఆ చివరి ముక్క నిలబడింది. ఇక్కడ మనకు కావలసిందీ అదే. కింది నుంచి ఎంత కబురొచ్చినా, ఎంత నొప్పి పుట్టాలన్నది పైన కూడా తేలుతుంది.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒక మేకు. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 29 ఏళ్ల భవన నిర్మాణ కార్మికుడు ఒకడు పైనుంచి దూకి 15 సెంటీమీటర్ల మేకు మీద పడ్డాడు, అది బూటును చీల్చుకుని పైకి వచ్చింది. మేకు రవ్వంత కదిలినా తట్టుకోలేకపోతుంటే బలమైన మత్తుమందులిచ్చి లాగారు. తీరా బూటు విప్పి చూస్తే మేకు రెండు వేళ్ల సందులోంచి వెళ్లింది, పాదానికి చిన్న గీత కూడా పడలేదు. నటించాడా అంటే, లేదు. మేకు బూటులోంచి పైకి రావడం కళ్లారా చూశాడు, చూసిన దాన్ని బట్టి మెదడు ఒక నిర్ణయానికి వచ్చింది, ఆ నిర్ణయమే నొప్పి.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ రెండో ప్రపంచ యుద్ధంలోది. హెన్రీ బీచర్ అనే మత్తు వైద్యుడు ఇటలీ యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడ్డ 215 మంది సైనికుల గురించి 1946లో రాశాడు. ఎముకలు విరిగినవాళ్లూ, పొట్టలో గాయాలైనవాళ్లూ ఉన్నారు వాళ్లలో. నొప్పికి మందు కావాలా అని అడిగితే కావాలన్నవాళ్లు దాదాపు నాలుగో వంతే. ఆ సైనికుడికి గాయమంటే ఇక యుద్ధం అయిపోయింది, ప్రాణాలతో బయటపడ్డాను అని అర్థం. మామూలు మనిషికి అదే గాయం సంసారం కూలిపోవడం. బీచర్ చెప్పిన కారణం ఇదే.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనం ప్రకారం నొప్పి ఒక అప్రియమైన ఇంద్రియానుభవం, భావోద్వేగానుభవం కూడా. శరీర కణజాలానికి జరిగిన, లేదా జరగబోయే నష్టంతో ముడిపడి ఉండొచ్చు, లేదా అలాంటి నష్టం జరిగినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉండొచ్చు. మనిషి నాకు నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలని కూడా దాని కింద రాసుకున్నారు. అంటే స్కానింగులో ఏమీ కనపడకపోయినా నొప్పి నిజమే. దేని గురించి భయపడుతున్నాం, దానికి ఏం అర్థం చెప్పుకుంటున్నాం అన్నది నొప్పికి బయట ఉండే వ్యవహారం కాదు. పుస్తకం చేసేదే అర్థాన్ని మార్చడం కదా. అందుకే నొప్పి గురించి చదవడం, నక్షత్రాల గురించి చదవడం ఒకలాంటివి కావు. మీరేం చదివినా నక్షత్రానికి ఏమీ కాదు.

మాటల్లేవంటారు, ఉన్నాయి

నొప్పి పుస్తకాల్లో ఎక్కువసార్లు కనిపించే మాట, నొప్పికి మాటల్లేవన్నది. ఇంగ్లిషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బు పడటం మీద రాసిన వ్యాసంలో, షేక్‌స్పియర్ హామ్లెట్ ఆలోచనలను చెప్పగల ఇంగ్లిషుకు వణుకునూ తలనొప్పినీ చెప్పే మాటల్లేవంది. 1985లో ఎలైన్ స్కారీ అనే అమెరికన్ సాహిత్య పండితురాలు ఇంకాస్త ముందుకెళ్లి, తీవ్రమైన నొప్పి భాషను అడ్డుకోవడంతో ఆగదు, భాషను కూలగొడుతుంది, మనిషిని అరుపులకూ మూలుగులకూ దిగజారుస్తుంది అని వాదించింది. అక్కడి దాకా వెళ్లినవాళ్లకు ఆ మాట ఎంత నిజమో తెలుసు. పురిటి నొప్పుల్లోనో, కిడ్నీలో రాయి కదిలినప్పుడో ఎవరూ ఉపమానాలు వెతుక్కోరు.

కానీ అంతకంటే కింది మెట్ల మీద, అంటే మనలో చాలామంది చాలాకాలం ఉండే చోట, తెలుగులో మాటలకు కొదవేం లేదు. పన్ను సలుపుతుంది. కాళ్లు పీకుతాయి. నడుం పట్టేస్తుంది. మెడ కలుక్కుమంటుంది. చెవిలో పోటు. కడుపులో మెలిపెట్టినట్టు, నులిమినట్టు, దేవినట్టు. కళ్లు భగభగ. పుండు చిమచిమ. నరం జివ్వు. కీలు కటకట. సలుపుకూ పోటుకూ తేడా బడికెళ్లే పిల్లాడికి కూడా తెలుస్తుంది, దానికి ఏ డాక్టరూ అక్కర్లేదు. పైన చెప్పిన ఏ-డెల్టా, సి తంతువుల భాగోతం మొత్తం చురుక్కు, సలుపు అన్న రెండు మాటల్లో ఉంది. చిత్రమేంటంటే పుస్తకం రాయడానికి కూర్చోగానే ఈ మాటలన్నీ గుమ్మం బయటే ఆగిపోయి, తీవ్రమైన వేదన, భరించరాని బాధ అనే రెండు ముక్కలు మిగులుతాయి. అనువాదాల్లో మరీను.

మాటలు ఎందుకంత ముఖ్యమో 1975లో మెల్జాకే చూపించాడు. రోగులు వాడే మాటలు ఏరి, 78 మాటలను 20 గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు, పనిచేసిన విశ్వవిద్యాలయం పేరు మీద మెక్‌గిల్ ప్రశ్నావళి అంటారు. కొన్ని గుంపులు ఇంద్రియానికి సంబంధించినవి, పొడిచినట్టు, కాలినట్టు, లాగినట్టు. కొన్ని మనసుకు సంబంధించినవి, అలసట తెప్పించేది, భయపెట్టేది, శిక్షలా ఉండేది. ఎంత నొప్పి అన్న ప్రశ్న పక్కన ఎలాంటి నొప్పి అన్న ప్రశ్నకూ కుర్చీ వేసినట్టయింది. నరం నొప్పినీ కండరం నొప్పినీ వేరుచేసి చూడటానికి ఇప్పటికీ ఈ మాటలే ముందు పనికొస్తాయి. మండుతోంది, కరెంటు కొట్టినట్టుంది, చీమలు పాకినట్టుంది అంటే డాక్టరు ఆలోచన నరం వైపు తిరుగుతుంది.

మాటలు లేనివాళ్ల సంగతి? నొప్పి సంఘం 1979 నాటి పాత నిర్వచనంలో, నష్టం జరిగినట్టుగా వర్ణించే అనుభవం అనే ముక్క ఉండేది. వర్ణించలేనివాళ్లు, పసిపిల్లలు, మతి తప్పిన వృద్ధులు, ఎటు పోవాలి మరి? 2020లో ఆ వర్ణించడాన్ని తీసేశారు. ఇది మాటల తగాదా అనుకోకండి. పసిబిడ్డలకు నొప్పి అంతగా తెలియదన్న నమ్మకంతో 1980ల దాకా చాలాచోట్ల వాళ్లకు సరైన మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేశారు. నొప్పి మీద ఏ పుస్తకం పట్టుకున్నా నాకు ఇది గుర్తొస్తుంది. పుస్తకం రాయగలిగినవాళ్లు అంటే మాటలున్నవాళ్లు, తీరిక దొరికినవాళ్లు, కనీసం రోజుకు ఒక గంటైనా నొప్పి సడలినవాళ్లు. నొప్పి లోకంలో జనాభా లెక్క తీస్తే వీళ్లు గుప్పెడు మంది.

మనసు నొచ్చుకోవడం కూడా నొప్పేనా

మన భాష ఈ రెంటినీ ఎప్పుడో కలిపేసింది. నొప్పి, నొచ్చుకోవడం, నొప్పించడం, మూడూ ఒక వేరువే. బడిలో బట్టీ పట్టిన 'నొప్పింపక తానొవ్వక' పద్యంలో నొచ్చేది కాలో చెయ్యో కాదు, మనసే. కడుపుకోత, గుండెకోత, కడుపుమంట అంటూ మనసు బాధకు ఒంటి మాటలే అరువిచ్చాం. దాదాపు ప్రతి భాషా ఈ పని చేస్తుంది. మరి ఇది ఉపమానమా, నిజమా?

2003లో నవోమీ ఐసెన్‌బర్గర్, ఆమె సహచరులు చేసిన ప్రయోగం ఈ ప్రశ్నను జనంలోకి తెచ్చింది. స్కానర్‌లో పడుకోబెట్టి కంప్యూటర్ మీద బంతి విసురుకునే ఆట ఆడించారు. కాసేపయ్యాక మిగతా ఇద్దరు ఆటగాళ్లు, నిజానికి అది ప్రోగ్రామే, ఈ మనిషికి బంతి ఇవ్వడం మానేస్తారు. చిన్నప్పుడు ఆటలో చేర్చుకోకపోతే ఎలా ఉండేదో అలాగే. అప్పుడు మెదడులో ఒంటి నొప్పికి స్పందించే ఒక ప్రాంతం చురుగ్గా కనిపించింది. 2010లో ఇంకొక బృందం, కొన్ని వారాల పాటు పారాసెటమాల్ వేసుకున్నవాళ్లు రోజువారీ మనసు నొప్పులు కాస్త తక్కువగా చెప్పారని చూపింది. ఇక పుస్తకాలకు పండగే. గుండె పగలడం, కాలు విరగడం మెదడుకు ఒకటేనని అట్టల మీద కూడా అచ్చేశారు.

అంత సీను లేదు. ఆ మెదడు ప్రాంతం నొప్పికే కాక అనేక పనులకు చురుగ్గా మారుతుంది. 2013, 2014లలో టోర్ వేగర్ బృందం మెదడు చిత్రాలను ఇంకా సన్నగా జల్లెడ పట్టి చూస్తే, ఒంటి నొప్పి నమూనా వేరుగా, తిరస్కారం నమూనా వేరుగా కనిపించాయి. ఒకే వీధిలో రెండు ఇళ్లున్నాయి, దూరం నుంచి చూసినప్పుడు ఒకే ఇంట్లో దీపం వెలిగినట్టు కనిపించింది, అంతే. ఇందువల్ల మనసు నొప్పి చులకనైపోదు. కాలు విరిగిన నొప్పితో సమానమని సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప మనసు నొప్పికి విలువ లేదనుకోవడంలోనే ఏదో తేడా ఉంది. నిజ జీవితంలో రెండూ ఎలాగూ విడివిడిగా రావు. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు, అది ఉన్నవాళ్లలో దిగులు, నిద్రలేమి ఎక్కువ. దిగులు, నిద్రలేమి ఉన్నవాళ్లకు నొప్పి ఎక్కువ. ఏది ముందో తేల్చడం కష్టం, తేల్చకపోయినా వైద్యం చేయొచ్చు.

పరాయి నొప్పి

పుస్తకంలో ఒకాయన కాలు తీసేస్తుంటే చదివేవాడి కాలు ఎందుకు ముడుచుకుంటుంది? 2004లో టానియా సింగర్ బృందం 16 జంటలతో చేసిన ప్రయోగం దీనికి దగ్గరగా వస్తుంది. ఆవిడ స్కానర్‌లో ఉంటుంది, ఒకసారి ఆవిడ చేతికి, ఒకసారి పక్కనే ఉన్న ఆయన చేతికి చిన్న షాక్ ఇస్తారు. ఆయనకు తగిలినప్పుడు ఆవిడ మెదడులో బాధకు సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. ఎక్కడ, ఎంత, ఎలా అని లెక్కగట్టే ఇంద్రియ భాగాలు మాత్రం కాలేదు. ఇది చదివినప్పుడు నాకు మన రెండు మాటలు గుర్తొచ్చాయి, నొప్పి, బాధ. ఎదుటివాడి బాధ మనదాకా వస్తుంది, నొప్పి వాడి దగ్గరే ఆగిపోతుంది. పుస్తకమూ అంతే, ఎంత గొప్పగా రాసినా బాధనే చేరవేయగలదు. నాకు అర్థమైందిలే అని నొప్పి ఉన్న మనిషితో అనేముందు ఈ తేడా కాస్త తలుచుకుంటే గొడవలు తగ్గుతాయి.

మన అలంకార శాస్త్రం ఈ చోటనే ఇంకో గీత గీసింది. శోకం వేరు, కరుణరసం వేరు. శోకం మనిషి పడేది, కరుణ కావ్యం చదివే సహృదయుడు ఆస్వాదించేది. ఏడిపించే నవలను మళ్లీ మళ్లీ చదవడంలో మాయ ఇదే, ఆ శోకం మనది కాకుండా పోయిన మేరకే రుచిస్తుంది. దూరం ఉంటేనే రసం. మరి చదివేవాడు అదే శోకంలో మునిగి ఉంటే? దూరం లేదు కాబట్టి రసమూ లేదు, ఉత్త శోకం రెట్టింపవుతుంది. పెద్దమ్మ పోయిన రెండో వారంలో ఒక స్నేహితురాలు ప్రేమగా ఇచ్చిన నవల, నలుగురూ అద్భుతం అన్నది, పదహారో పేజీలో మూసేశాను. ఏడాదిన్నర తర్వాత ఒక్క రాత్రిలో చదివేశాను. నవల అదే. దానికీ నాకూ మధ్య కాస్త ఖాళీ ఏర్పడింది, అంతే తేడా.

ఏ పుస్తకం ఏ పనికి

అసలు చిక్కు ఇక్కడ. నొప్పి పుస్తకాలన్నీ దుకాణంలో ఒకే అరలో ఉంటాయి గానీ అవి చేసే పనులు ఒకటి కాదు. ఒకటి వివరిస్తుంది, ఒకటి సాక్ష్యం చెబుతుంది, ఒకటి ఎందుకు అని వాదిస్తుంది, ఒకటి దారి చూపిస్తానంటుంది. ఒకదాని పని ఇంకొకదాన్ని అడిగితే దెబ్బ తింటాం.

బ్రిటిష్ రచయిత సి.ఎస్. లూయిస్ సంగతే చూడండి. 1940లో నొప్పి అనే సమస్య మీద ఒక పుస్తకం రాశాడు, దేవుడు మంచివాడైతే లోకంలో ఇంత నొప్పి ఎందుకన్న ప్రశ్నకు పొందికైన తర్కం. 1960లో భార్య జాయ్ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ తర్వాత నోటుపుస్తకాల్లో గిలికినదాన్ని 1961లో మారుపేరుతో అచ్చేశాడు. అందులో తర్కం తడబడుతుంది, దేవుడి మీద కోపం వస్తుంది, ఒక పేజీలో అన్నది ఇంకో పేజీలో కాదంటాడు. మనిషి ఒకడే, విషయమూ ఒకటే. మొదటిది తప్పు, రెండోది ఒప్పు అని నేననను. కాకపోతే కొత్తగా ఎవరినో పోగొట్టుకున్న మనిషి చేతిలో మొదటి పుస్తకం పెడితే విసిరికొట్టే అవకాశం ఉంది, రెండోది ఇస్తే ఈ పిచ్చి నాకొక్కడికే కాదన్నమాట అనుకోవచ్చు. పరామర్శకు వెళ్లి తత్వం చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది కదా, అదే ఇది.

సాక్ష్యం చెప్పే పుస్తకాల్లో నాకు దగ్గరైంది ఆల్ఫాన్స్ దోదే రాసుకున్న చీటీలు. ఫ్రెంచి రచయిత, సిఫిలిస్ వెన్నుపాముకు పాకి ఏళ్ల తరబడి నరకం చూశాడు, 1897లో పోయాడు. ఆ నొప్పి మీద రాసుకున్న ముక్కలు 1930లో గానీ పుస్తకంగా రాలేదు. అది అధ్యాయాలుగా ఉండదు, ముక్కలు ముక్కలుగానే ఉంటుంది, నొప్పి వదిలిన సందుల్లో రాసింది కాబట్టి. అందులో ఒక గమనిక, నొప్పి పడేవాడికి ఎప్పుడూ కొత్తదే, చుట్టూ ఉన్నవాళ్లకు మాత్రం పాతబడిపోతుంది అని. ఇది చదివిన రోజు, రోజూ ఎలా ఉందని అడిగి అడిగి అలిసిపోయిన ఇంట్లోవాళ్ల మీద నా కోపం సగం తగ్గింది. ఇలాంటి పుస్తకం నొప్పి తగ్గే దారి చెప్పదు, చెప్పమని అడక్కూడదు కూడా.

దారి చూపిస్తామనే పుస్తకాలతో ఎక్కువ జాగ్రత్త కావాలి, తప్పు ఒక్కోసారి పుస్తకానిది కాదు, చదివే మనది. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో రాసిన పుస్తకంలోని అయిదు దశలు, నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, దిగులు, ఒప్పుకోవడం, ఇప్పుడు ఎవరు చనిపోయినా వినిపిస్తాయి. ఆవిడ ఆ పుస్తకం రాసింది చావుకు దగ్గరపడిన రోగులతో మాట్లాడి, వాళ్ల గురించి. వెనక మిగిలినవాళ్లకు దాన్ని టైమ్‌టేబుల్‌లా అంటించింది తర్వాతి కాలం. నాకు కోపం దశ రాలేదే, నేను సరిగ్గా ఏడవడం లేదా అని నేనూ టెన్షన్ పడ్డాను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. 2002లో జార్జ్ బొనానో బృందం భర్తనో భార్యనో పోగొట్టుకున్న 205 మందిని, ఆ చావుకు ముందు నుంచీ తర్వాత దాకా గమనించింది. దాదాపు సగం మందిలో కనిపించింది ఏ దశల వరసా కాదు, బాధపడుతూనే నిలదొక్కుకోవడం. వాళ్లకు ప్రేమ తక్కువని కాదు. అలాగని అందరికీ తగ్గిపోతుందనీ కాదు, నెలలు గడిచినా రోజులో ఏ పనీ సాగనివ్వనంత దుఃఖం ఉంటే దానికి ఇప్పుడు వైద్యంలో ఒక పేరూ ఉంది, చికిత్సా ఉంది.

ఇక వివరించే పుస్తకాలు. నా నడుం దగ్గరికి వద్దాం. ఎంఆర్ఐ రిపోర్టులో డిస్కు ఉబ్బింది, అరిగింది అని రాసి ఉంటే మనకు వెన్ను తుప్పుపట్టిన గేటులా కనిపిస్తుంది. 2015లో, అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి, నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కానింగులు చూసిన ఒక సమీక్ష వచ్చింది. నొప్పి లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతానికి. డిస్కు ఉబ్బడం ఇరవైలో 30 శాతం, ఎనభైలో 84. తల నెరవడం లాంటిదన్నమాట చాలామందికి. నేను చదివిన రెండో పుస్తకం చేసిన పని ఇదే. మొదటిది భయంతో వదిలేసిన చోటికి ఇది అర్థంతో వచ్చింది. డిస్కు మారలేదు, వంగితే ఏమవుతుందోనన్న లెక్క మారింది, వంగడం మొదలుపెట్టాక నొప్పీ నెమ్మదిగా దిగింది. ముందు చెప్పిన తలుపు గుర్తుందా, పైనుంచి కూడా మూయొచ్చన్నది.

అయితే ఇదే మాటను పట్టుకుని, నొప్పంతా నీ మెదడులోనే ఉంది, ఇది చదివితే పోతుంది అనే పుస్తకాలు చాలా ఉన్నాయి. 2021లో వచ్చిన ఒక ప్రయోగాన్ని ఇవి తెగ వాడుకుంటాయి. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 151 మందిని తీసుకున్నారు. నొప్పిని ప్రమాదంగా కాక మెదడు మోగిస్తున్న తప్పుడు గంటగా చూడటం నేర్పితే, ఆ చికిత్స పొందినవాళ్లలో 66 శాతానికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 20 శాతం, మామూలు వైద్యంతోనే ఉన్నవాళ్లలో 10 శాతం. బలమైన ఫలితమే. కానీ అది థెరపిస్టుతో నాలుగు వారాలు కూర్చుని చేసిన పని, పడక మీద పుస్తకం చదివినందుకు వచ్చింది కాదు. ముందు డాక్టరు ఇంకే ప్రమాదమూ లేదని చూశాక మొదలుపెట్టింది. కీళ్లవాతం ఉన్నవాడికో, క్యాన్సర్ ఉన్నవాడికో ఈ పుస్తకం ఇచ్చి చదువు, పోతుంది అనడం పుండు మీద కారం చల్లడమే. మెదడు నొప్పిని తయారుచేస్తుంది అన్న మాటకూ, నువ్వు కల్పించుకుంటున్నావు అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. పుస్తకం ఈ దూరాన్ని గౌరవిస్తోందా లేదా అని నేను ముందు చూసేది. రెండోది, తగ్గకపోతే తప్పు నీదే అని ఎక్కడైనా అంటోందా. అంటే, అక్కడితో మూసేయడం.

చదవకూడని వేళలూ ఉన్నాయి. నడుం నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం, దొడ్డి మీద పట్టు తప్పినా, కాళ్లలో బలం తగ్గుతున్నా పుస్తకం పక్కన పడేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రేపు అనుకోకూడదు. చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన తిరుగుతున్నప్పుడు దుఃఖం గురించిన గొప్ప పుస్తకాలేవీ ఆ రాత్రికి సరిపడవు, మాట్లాడే మనిషి కావాలి, డాక్టరు కావాలి. మీకు జరిగిందే పుస్తకంలో ఇంకొకరికి జరుగుతున్న పేజీ, అది హింస కావచ్చు, లైంగిక దాడి కావచ్చు, చదువుతుంటే ఒళ్లు చల్లబడి, ఊపిరి బిగుసుకుంటే, ఆపేయడం పిరికితనం కాదు. పూర్తి చేయాలని ఎవరికీ మాట ఇవ్వలేదు కదా. ఇక అర్ధరాత్రి రోగ లక్షణాల జాబితాలు చదవడం గురించి మొదట్లోనే చెప్పాను.

నొప్పి ఉన్నవాళ్లకు పుస్తకం కొనిచ్చేవాళ్లకు ఒక మాట. ముందు మీరు చదవండి. వాళ్ల కంటే మీకే ఎక్కువ పనికొచ్చే అవకాశం ఉంది.

ఆ నెలల్లో చదివినవాటిలో చాలావరకు మర్చిపోయాను. కానీ మెక్‌గిల్ మాటల జాబితా చూశాక, నా నొప్పికి నా మాటలు ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను. కూర్చుంటే ఇరవై నిమిషాలకు తుంటిలో సలుపు. దగ్గితే తొడ వెనక జివ్వు. నడిస్తే తగ్గుతుంది. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా ఎక్కువ. పాదంలో ఏమీ లేదు, ఆ పుస్తకం చదివిన రాత్రి తప్ప. తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆ కాగితం డాక్టరు గారి చేతిలో పెట్టాను. అంతకుముందు రెండుసార్లు వెళ్లి, చాలా నొప్పిగా ఉందండీ అని మాత్రమే చెప్పి వచ్చినవాణ్ణి. ఆవిడ కాగితం పైనుంచి కింది దాకా చదివి, చివరి వాక్యం దగ్గర నవ్వి, మళ్లీ పైకి వెళ్లారు.

"జివ్వు అంటే ఎలా? కరెంటు కొట్టినట్టా, లోపల ఏదో పారినట్టా?"

కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. "కరెంటేనండీ" అన్నాను. ఆ మాట పక్కన పెన్నుతో చిన్న గీత గీసి, బల్ల మీద పడుకోమన్నారు.